ట్రెజైజ్ పొగగొట్టం

మా వంటింటి పొగగొట్టాన్ని ఊళ్లో అందరూ ట్రెజైజ్ పొగగొట్టం అంటారు. మా ఇంటిపేరు నాంకివెల్. నేను ఈ ఇంటికి కాపురానికి వచ్చి నలభై ఆరేళ్లయింది. ఏటా సెప్టెంబరు ఆఖరి శనివారం నిచ్చెనేసుకుని కప్పెక్కి ఆ గొట్టానికి సున్నం కొట్టింది నేను. మా ఆయన రెజ్‌కి సముద్రమంటే లెక్కలేదు గానీ ఇంటికప్పు ఎక్కితే కళ్లు తిరిగేవి. ఇంత చాకిరీ చేసినా పేరు మాత్రం ట్రెజైజ్ వాళ్లదే. మా ఊరు పోర్ట్ ఎన్నిస్‌లో పేర్లు ఒకసారి అతుక్కుంటే ఊడిరావు.

ఆ గొట్టం లేకపోతే ఈ ఊరు లేదు. ఊరి ఎదుట సముద్రంలో మైలు పొడవున సున్నపురాతి గట్టు ఉంది, దానికి ఒకే ఒక్క గండి. గండి పక్కన మూడు నల్లరాళ్లు. అల విరిగినప్పుడల్లా చర్చి సిస్టర్లలా నెత్తిన తెల్లటి నురగ ముసుగేసుకుంటాయని వాటిని సన్యాసినులంటారు. ఆ తల్లుల ఒళ్లో పడిన పడవ తిరిగొచ్చింది లేదు. సముద్రం మీంచి చూస్తే మా ఇళ్లన్నీ ఇసుకదిబ్బల పొదల్లో కలిసిపోతాయి. కనబడేవి రెండే. కొండమీద ఒంటరి పైన్ చెట్టు, దాని కింద మా తెల్ల గొట్టం. చెట్టు సరిగ్గా గొట్టం నెత్తిన కూర్చుంటే పడవ గండికి ఎదురుగా ఉన్నట్టు. "చెట్టు కూర్చుంటే రా, కూర్చోకపోతే ఆగు" అని ఇక్కడి పిల్లలకి మాటలతోపాటే నేర్పుతారు. ప్రభుత్వం వాళ్లు రెండుసార్లు దీపస్తంభాలు పాతారు, రెండుసార్లూ ఇసుక మింగేసింది.

గండిని కనిపెట్టింది ట్రెజైజ్‌లేనని జెట్టీ దగ్గరి చరిత్ర పలక మీద రాసుంటుంది. అది నిజం కాదు. రాతిగట్టు మీద చేపలు పట్టుకునే ఈ నేల అసలు మనుషులు వాళ్లకి చూపించారు. దిబ్బల్లో వాళ్లు తిని పారేసిన గవ్వల గుట్టలు నా ఎత్తున ఉన్నాయి గానీ పలక మీద వాళ్ల పేరు ఒక్కటీ లేదు. పలకలు రాసేవాళ్ల సంగతి నాకు తెలుసు, ఊరి చరిత్ర సంఘంలో నేనూ మూడేళ్లు ఉన్నాను. అరిచి అరిచి బయటికొచ్చేశాను.

లెక్స్ ట్రెజైజ్‌కి డెబ్బై ఆరేళ్లు. ఇంకా వేటకి పోతాడు, కూతురు మార్నీ తోడు. మా ఇల్లు ఒకప్పుడు వాళ్లదే. వాళ్ల నాన్న దాన్ని మా మామగారికి అమ్మేశాడు. ఆ కడుపుమంట లెక్స్‌కి ఇప్పటికీ చల్లారలేదు. నేను లోపలి ప్రాంతం నుంచి, గోధుమ పొలాల్లోంచి వచ్చినదాన్ని కాబట్టి నాకు వాడు పెట్టిన పేరు గోధుమపిల్ల. డెబ్బై ఒక్కేళ్ల గోధుమపిల్లని.

"ఏం గోధుమపిల్లా, సముద్రం ఉప్పగా ఉంటుందని తెలిసిందా ఇంకా లేదా?" అంటాడు బేకరీలో, నలుగురూ వినేట్టు.

"ఉప్పు సంగతి తెలీదు గానీ, నీ మాటల్లో మాత్రం లేదయ్యా!" అంటాను నేను.

కానీ ఒకటి చెప్పాలి. సీజను మొదటిరోజు పట్టిన రాతిరొయ్యల్లో ఒకదాన్ని తడి గోనెలో చుట్టి పొగగొట్టమున్న ఇంటి గేటుకి వేలాడదీయడం ఇక్కడి ఆచారం. నేనొచ్చినప్పుడు ఇరవై ఆరు గోనెలు వేలాడేవి. పడవల్లోకి దారి చూపే జీపీఎస్ తెరలు వచ్చాక ఒక్కొక్కరే మానేశారు. రెజ్ పోయిన పదకొండేళ్లలో మానకుండా వేలాడదీసింది లెక్స్ ఒక్కడే.

"తెర పెట్టుకున్నావుగా, ఇంకా ఎందుకిది?" అని ఒకసారి అడిగాను.

"నీకోసమనుకున్నావా? గొట్టం కోసం," అని వెళ్లిపోయాడు.

ఈ ఏడు నా కుడి తుంటి మొరాయించింది. మూడు మెట్లెక్కితే కళ్లలో నీళ్లు తిరిగేవి. సెప్టెంబరు ఆఖరి శనివారం వచ్చింది, వెళ్లింది. నిచ్చెన గోడకి ఆనించింది ఆనించినట్టే ఉంది. ఎవరికీ చెప్పలేదు. చెబితే పది మంది వచ్చి కొట్టిపెట్టేవాళ్లే, నాకు తెలుసు. కానీ నలభై ఆరేళ్లు పైనుంచి ఊరిని చూసినదాన్ని, కింద నిలబడి 'బాబూ, కాస్త ఎక్కండి' అనడానికి నోరు రాలేదు.

ఎడమ పక్కింటి హ్యూ లాండర్ మాత్రం కనిపెట్టాడు. అడిలైడ్‌లో కళ్లజోళ్ల డాక్టరుగా పనిచేసి, రిటైరై, ఇక్కడ కొత్తిల్లు కట్టుకున్నాడు. చలిమంట కోసమని ముచ్చటపడి ఇటుకల పొగగొట్టం కూడా పెట్టించాడు. మంచివాడు. మంచివాళ్లతో నాకు ఓపిక తక్కువ.

"ఎల్వా గారూ, మీరేం అనుకోకపోతే నేనెక్కి కొట్టేస్తాను. అరగంట పని," అన్నాడు కంచె అవతల నుంచి.

"అది ఈ ఇంటివాళ్ల పని."

"సాయం చేద్దామనే..."

"అంత దురదగా ఉంటే నీ గొట్టానికి కొట్టుకో నాయనా! ఇదిగో సున్నం, తీసుకుపో!" అని కలిపి పెట్టిన బకెట్టు కంచె మీద పెట్టాను.

నేనన్నది వెటకారం. ఆయన పాపం నిజమనుకున్నాడు. ఊరి ఆచారంలో తనకీ ఇంత చోటిచ్చానని పొంగిపోయాడు. మర్నాటికల్లా ఆయన కొత్త గొట్టం పాలలో ముంచి తీసినట్టు మెరుస్తోంది. నాది నాచూ ఉప్పూ పట్టి దిబ్బ రంగులో ఉంది. చూసి నవ్వుకున్నాను. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నా నోటి సంగతి ఆ నవ్వులోనే తెలిసి ఉండాల్సింది నాకు.

అక్టోబరు ఒకటిన లెక్స్ గేటుకి గోనె వేలాడదీస్తూ అడిగాడు. వాడికిప్పుడు దగ్గరి చూపు, దూరపు చూపు అన్న తేడా లేదు, రెండూ మసకే. కిందనుంచి కప్పు మీదిది ఏం కనబడుతుంది?

"సున్నం కొట్టావా?"

"కొట్టకేం? ఏ ఏడు మానాను?" అన్నాను.

అంత తేలిగ్గా వచ్చేసింది అబద్ధం. వాడు తలూపి వెళ్లిపోయాడు. నా మాట మీద వాడికి అనుమానం రాలేదు.

నవంబరు రెండో వారంలో ఒక మంగళవారం. మధ్యాహ్నం మూడుకి రావలసిన నైరుతి గాలి పన్నెండుకే విరుచుకుపడింది. మా సముద్రానికి దక్షిణంగా మంచుఖండం దాకా అడ్డం లేదు. అక్కడ లేచిన అల ఇక్కడికొచ్చేదాకా పెరుగుతూనే ఉంటుంది. రెజ్ రేడియో ఇప్పటికీ వంటింటి అల్మరా మీద ఉంటుంది. వినడానికే. ఆయన పోయాక అందులో మాట్లాడే మీట నేను నొక్కలేదు. గాలి రాగానే పడవలన్నీ ఒక్కొక్కటే పలుకుతూ లోపలికొచ్చేశాయి. ఒక్క లెక్స్ పడవ పలకలేదు. "లెక్స్, మార్నీ, వినబడుతోందా?" అని మిగతావాళ్లు పిలుస్తూనే ఉన్నారు. జవాబు లేదు.

ఒంటిగంట దాటాక సింకు ముందు నిలబడి ఉన్న నాకు పడవ కనబడింది. తర్వాత తెలిసిందేమిటంటే, ఒక అల ముందు అద్దం పగలగొట్టుకుని లోపలికొచ్చి తెరనీ రేడియోనీ తడిపి చంపేసింది. వాడికి మిగిలింది వాళ్ల తాత నేర్పిన దారి. చెట్టు, గొట్టం.

నా సింకు దగ్గర నాకూ ఒక గుర్తుంది. పడవ సరైన దారిలో ఉంటే కిటికీలోంచి అది మా గేటు గుంజ మీద నిలబడుతుంది. రెజ్ వచ్చే వేళకి గిన్నెలు తోముతూ ఆ గుంజనే చూసేదాన్ని. గుంజ మీదికి పడవ రాగానే పొయ్యి మీద టీకి నీళ్లు పెట్టేదాన్ని.

లెక్స్ పడవ గుంజ మీద లేదు. బాగా ఎడమకి ఉంది. అక్కడే ముక్కు తిప్పుకుని, అలలు లెక్కపెట్టుకుంటూ, లోపలికి రావడానికి సిద్ధమవుతోంది.

మొదట నాకర్థం కాలేదు. లెక్స్ ట్రెజైజ్ దారి తప్పడమేంటి? అప్పుడు ఎడమ పక్కన, హ్యూ కప్పు మీద, ఆ పాల తెలుపు కనబడింది. వాడు తెల్ల గొట్టాన్ని వెతుక్కున్నాడు, తెల్ల గొట్టం కనబడింది. నేను కొట్టానన్నాను కాబట్టి అదే నాదనుకున్నాడు. దాని నెత్తిన చెట్టుని కూర్చోబెట్టుకున్నాడు. ఆ దారి పట్టుకుని తిన్నగా వస్తే గండి తగలదు, సన్యాసినులు తగులుతాయి.

తుంటి సంగతి మర్చిపోయి కంచె దాకా ఎలా పరిగెత్తానో నాకే తెలీదు.

"హ్యూ! హ్యూ! నీ గొట్టం కప్పెయ్! ఏదైనా నల్లటిది వేసి కప్పెయ్!"

ఆయన చేతిలో టీ కప్పుతో బయటికొచ్చాడు. "ఏమైంది ఎల్వా గారూ?"

"లెక్స్ నీ గొట్టం చూసి వస్తున్నాడు! రాళ్ల మీదికి! తండ్రీ కూతురూ ఉన్నారందులో!"

ఆయన ఇంకో మాట అడగలేదు. అందుకు ఆయనకి ఎన్ని దండాలు పెట్టినా తక్కువే. టీ కప్పు గడ్డిలో పడేసి, కారు మీది నల్ల ముసుగు లాగి, నిచ్చెన ఎక్కేశాడు. గాలికి ముసుగు తెరచాపలా లేచిపోతుంటే, తాడు కట్టే వ్యవధి లేక, ముసుగుతో సహా గొట్టాన్ని రెండు చేతులా వాటేసుకుని కళ్లు మూసుకున్నాడు. అరవై రెండేళ్ల మనిషి, నెత్తిన జుట్టు లేదు, కాళ్లకి ఇంటి చెప్పులు.

తప్పు గొట్టం చీకటైంది. మరి అసలు గొట్టం? అది దిబ్బ రంగులో కూర్చుని ఉంది. ఇప్పుడు లెక్స్‌కి కొండ కింద ఏమీ కనబడదు. వెనక్కి తిప్పుకుని సముద్రం మీద ఉందామంటే అద్దం పగిలిన పడవ సాయంత్రం దాకా ఆగదు.

అప్పుడు జెసీ ట్రెజైజ్ గుర్తొచ్చింది. లెక్స్ తాతకి తల్లి. ఈ గొట్టానికి సున్నం కొట్టకముందు, పద్దెనిమిది వందల తొంభై మూడులో, ముసురు పట్టిన రోజున మొగుడు సముద్రం మీదుంటే, ఇదే పొయ్యిలో దిబ్బల్లో పెరిగే టీట్రీ పొదల పచ్చి కొమ్మలు తగలబెట్టింది. ఆ పొగ చూసుకుని మూడు పడవలు ఇంటికొచ్చాయి. లెక్స్ ఈ కథ తాగినప్పుడల్లా చెప్తాడు, తాగనప్పుడు కూడా చెప్తాడు.

పొయ్యిలో కాగితాలు, పుల్లలు కుక్కి అగ్గి పెట్టాను. మంట వచ్చింది గానీ పొగ పలచగా, తెల్లగా, గాలికి ఎటో పోతోంది. పచ్చి కొమ్మలు కోసుకొచ్చే టైము లేదు. నల్లటి పొగ కావాలి. చిక్కటి పొగ కావాలి. చుట్టూ చూశాను.

వెనక తలుపు పక్కన రెజ్ సముద్రపు బూట్లున్నాయి. మోకాళ్ల దాకా వచ్చే రబ్బరు బూట్లు. ఆయన ఆఖరిసారి విప్పిన చోటే, కుడిది కాస్త ఒరిగి, పదకొండేళ్లుగా నిలబడి ఉన్నాయి. ఇల్లు ఊడ్చేటప్పుడు వాటి చుట్టూ ఊడుస్తాను. రోజూ పొద్దున్నే వాటికి గుడ్ మార్నింగ్ చెప్తానని ఎవరికీ చెప్పలేదు.

"క్షమించు రెజ్," అన్నాను. ఎడమది వేశాను. అది అంటుకోగానే కుడిది వేశాను.

ఒక్క నిమిషంలో పొయ్యి గర్జించింది. ఇల్లంతా కంపు. దగ్గుకుంటూ బయటికొచ్చి చూశాను. గొట్టంలోంచి తారులాంటి నల్లటి పొగ దొర్లుకుంటూ వస్తోంది. గాలి దాన్ని వంచేస్తోంది నిజమే, కానీ ఎక్కడ మొదలవుతోందో గుడ్డివాడికి కూడా తెలుస్తుంది.

మళ్లీ సింకు దగ్గరికి వెళ్లాను. పడవ ఇంకా ఎడమకే ఉంది. ఒక అల, రెండో అల. "చూడరా, ముసలోడా, తలెత్తి చూడు," అంటున్నాను పైకే. మూడో అల లేచింది. ఆ అల మీద వాడు లోపలికి రాలేదు. ముక్కు తిప్పేశాడు. పడవ పక్కకి, పక్కకి, కుడికి జరుగుతోంది. ఒకసారి అల వెనక మాయమైతే సింకు మీదికి వంగి గుంజనే చూశాను. మళ్లీ లేచేసరికి గేటు గుంజ మీద నిలబడి ఉంది. గుంజ మీదే, మేకు కొట్టినట్టు. తర్వాతి పెద్ద అల వెనకే వేగం పెంచి గండిలోంచి లోపలికి దూరిపోయింది.

నేను పొయ్యి మీద నీళ్లు పెట్టాను. అలవాటు. అప్పుడు ఏడుపొచ్చింది.

"దిగొచ్చా ఎల్వా గారూ?" అని హ్యూ కప్పు మీంచి కేకేస్తున్నాడు. ఆయన ఇంకా కళ్లు తెరవలేదు.

గంట తర్వాత లెక్స్, మార్నీ మా వంటింట్లో కూర్చున్నారు, తడి బట్టలతోనే. హ్యూ కూడా ఉన్నాడు, చేతులు దోక్కుపోయి. కిటికీలన్నీ తెరిచినా రబ్బరు కంపు పోలేదు. లెక్స్‌కి టీ కప్పు అందించాను.

"లెక్స్, నేను సున్నం కొట్టలేదు. కొట్టానని నీతో అబద్ధం చెప్పాను. కాలు సహకరించలేదు. చెప్పుకోవడానికి సిగ్గేసింది. మిమ్మల్నిద్దర్నీ నేనే చంపేసేదాన్ని," అన్నాను.

లెక్స్ కప్పు బల్ల మీద పెట్టాడు.

"నలభై ఆరేళ్లలో ఒక్క ఏడు," అన్నాడు. "నేను అరవై ఏళ్ల అనుభవం పెట్టుకుని, ఇది ఎల్వా గొట్టమా, కళ్ల డాక్టరు గొట్టమా అని చూసుకోలేకపోయాను. నన్నేమనాలి?"

"తప్పు నాదండీ," అన్నాడు హ్యూ, "ఆవిడ సున్నమిస్తే..."

"నువ్వూరుకోవయ్యా! నిచ్చెనెక్కి గొట్టాన్ని కావిలించుకున్నవాడికి తప్పేంటి? ఈ ఊళ్లో పుట్టినవాడెవడైనా ముందు పది ప్రశ్నలడిగేవాడు," అన్నాడు లెక్స్. హ్యూ ముఖం చిన్నపిల్లాడిలా వెలిగింది.

మార్నీ నా వైపు తిరిగింది. "అడగొచ్చుగా ఆంటీ? ఒక్క మాటంటే నేనొచ్చి ఎక్కేదాన్ని కదా?"

"అడగడం నాకు చేతకాలేదే. మీ ఊళ్లో..."

"ఎవరి ఊళ్లో?" అన్నాడు లెక్స్ గట్టిగా.

వాడి చూపు అప్పుడే వెనక తలుపు వైపు పోయింది. నేల మీద రెండు బూట్ల ఆకారంలో, చుట్టూ పాలిపోయిన చెక్క మధ్య, రంగు పోని రెండు చోట్లున్నాయి. వాడు వాటిని చూశాడు, పొయ్యిని చూశాడు, మళ్లీ వాటిని చూశాడు. రెజ్ వాడికి చిన్నప్పటి నేస్తం. రోజూ తిట్టుకునేవాళ్లు, రోజూ కలిసే తాగేవాళ్లు.

"బూట్లా?"

"ఊఁ."

లెక్స్ టోపీ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. "నేను ఏ చిక్కులో పడ్డా వాడు నన్ను తన్ని మరీ బయటికి లాగేవాడు," అన్నాడు. "పోయాక కూడా బూట్లతోనే లాగాడు."

మార్నీ లేచొచ్చి నన్ను గట్టిగా పట్టుకుంది. ఉప్పూ డీజిలూ వాసన. రెజ్ వాసన అదే. నాకు చాలా కాలానికి ఆ వాసన దొరికింది. ఎవరికి ఎవరు కృతజ్ఞత చెప్పుకోవాలో ఆ గదిలో ఎవరికీ తెలీలేదు. అందుకని అందరం టీ తాగాం.

ఆ శనివారం హ్యూ తన గొట్టానికి నల్లరంగు వేసుకున్నాడు. మార్నీ నా కప్పెక్కింది. కింద కుర్చీ వేసుకుని కూర్చుని, "ఆ మూల వదిలేశావ్! ఇంకో పూత! మీ నాన్నకి కళ్లు కనబడవని తెలుసుగా!" అని సాయంత్రం దాకా అరిచాను. నాకంత హాయైన శనివారం ఈమధ్య లేదు. ఆదివారం పొద్దున గేటు తీయబోతే తీయరాలేదు. పదకొండు తడి గోనెలు వేలాడుతున్నాయి. ఊళ్లో ఉన్నవే పదకొండు పడవలు. ఒక్కదాన్ని అన్ని రాతిరొయ్యలు ఏం తింటాను? వీధంతా పిలిచి వండిపెట్టాను.

లెక్స్ పడవ బాగయ్యేసరికి మూడు వారాలు పట్టింది. కొత్త తెర, కొత్త రేడియో. మళ్లీ వేటకి వెళ్లిన మొదటిరోజు మధ్యాహ్నం నేను సింకు దగ్గర ఉండగా అల్మరా మీద రేడియో గరగరలాడింది. లెక్స్ గొంతు. నాతో కాదు, పడవ నడుపుతున్న మార్నీతో. మీట మీద వేలు తియ్యడం ముసలోడు మర్చిపోయినట్టున్నాడు.

"తెర చూడకే! బయటికి చూడు. చెట్టు ఎక్కడుంది?"

"కూర్చుంది నాన్నా."

"దేనిమీద?"

"గొట్టం మీద."

"ఏ గొట్టం? పేరు చెప్పు. రేపు నీ దగ్గర నేర్చుకునేవాళ్లకి ఏమని చెప్తావ్?"

"ట్రెజైజ్ గొట్..."

"కాదు. ఎల్వా గొట్టం. ఎల్వా గొట్టం మీద చెట్టు కూర్చుంటే రా. చెప్పు."

"ఎల్వా గొట్టం మీద చెట్టు కూర్చుంటే రా," అంది మార్నీ.

వాడు మీట వదిలినట్టున్నాడు, గరగర ఆగింది. చేతులకి సబ్బు నురగ ఉంది. తుడుచుకోకుండానే రేడియో అందుకున్నాను. పదకొండేళ్లుగా నొక్కని మీట బిగుసుకుపోయి, రెండు వేళ్లతో నొక్కితే గానీ దిగలేదు.

"కనబడుతున్నారు," అన్నాను. "సరిగ్గా గేటు గుంజ మీదున్నారు. వచ్చెయ్యండి, నీళ్లు పెడుతున్నా."